ఖాళీ ఇళ్ళ ఊపిరి

భీమిలి దాటి కొంచెం ముందుకు వెళ్తే, సముద్రానికీ సరుగుడు తోటకీ మధ్య మూతపడ్డ రొయ్యల హేచరీ ఒకటి ఉండేది. విదేశీ సహాయ సంస్థ ఒకటి దాన్ని లీజుకు తీసుకుని ప్రయోగశాలగా మార్చింది. ఎంత కడిగినా గోడలకు పట్టిన ఉప్పునీటి వాసన మాత్రం వదల్లేదు. ఒకప్పుడు రొయ్యపిల్లలు పెరిగిన సిమెంటు తొట్లలో ఇప్పుడు ఆహారపు పొట్లాలు వరసగా పేర్చి ఉండేవి. ప్రతి పొట్లానికీ మూరెడు పొడవున తెల్లటి రెక్క.

ఆ ప్రయోగశాలకు పెద్ద, పైల దమయంతి. యాభై దాటిన మనిషి. సాలూరు దగ్గర పుట్టి, విశాఖపట్నంలో చదువుకుని, వాసనలు పసిగట్టే పరికరాల మీద సగం జీవితం గడిపింది. ఈ మధ్య ఎవరు చూసినా ముందు ఆమె కళ్ళ కింది నలుపే కనిపించేది. నిద్ర పట్టకపోవడం వల్ల వచ్చిన నలుపు కాదది. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు పట్టేది. లేచాక మాత్రం అసలు పడుకోనట్టే ఉండేది.

ఆ పొద్దున కూడా ఆమె పెద్ద తెర ముందు నిలబడి ఉంది. తెర మీద కెస్రాన్ లోయ. మన దేశానికి చాలా దూరం. చుట్టూ కొండలు, మధ్యలో నది, నది ఒడ్డున ఒకప్పుడు పట్నమని పిలిపించుకున్న మొండిగోడలు. అక్కడ యుద్ధం మూడో ఏట పడింది. సైన్యం కొండల మీద కూర్చుని లోయకు పోయే దారులన్నీ మూసేసింది. లోయలో మామూలు జనం ఎవరూ మిగల్లేదని, ఉన్నవాళ్ళంతా తిరుగుబాటుదార్లేనని ఆ సైన్యం లోకానికి చెప్పుకుంటోంది. జనం ఉన్నారు. నేలమాళిగల్లో ఉన్నారు.

"వదిలారు మేడమ్" అన్నాడు ఫణికుమార్. విమానంతో మాట్లాడేదీ, తెర చూసేదీ అతనే.

తెర మీద వేల చుక్కలు ఒక్కసారిగా చిమ్మినట్టు విడిపోయాయి. పైన ఉన్నంతసేపూ అవన్నీ ఒకే గుంపు. కిందికి దిగుతున్నకొద్దీ ఒక్కొక్కటీ ఒక్కో వైపు వాలడం మొదలుపెట్టింది. కొన్ని నది దాటాయి. కొన్ని పాత సంతవీధి వైపు మళ్ళాయి. సైనికులు కాపలా కాస్తున్న వంతెన మీదుగా చాలా పోయాయి గాని అక్కడ ఒక్కటీ దిగలేదు.

"ఆళ్ళు కడుపునిండా తిన్నారు మరి" అన్నాడు ఫణి. రోజూ అనే మాటే. మొదట్లో ఆ మాటకి గదంతా నవ్వేది.

తిండి దొరకని మనిషి ఒళ్ళు తన కొవ్వును తానే కరిగించుకుని బతుకుతుంది. అప్పుడు ఊపిరిలో ఎసిటోన్ అనే ఆవిరి కలుస్తుంది. మరీ మగ్గిన పండు వాసన లాంటిది. ఒక్క మనిషి ఊపిరిలో అది లెక్కలోకి రాదు. కాని ఒక నేలమాళిగలో వందమంది రోజుల తరబడి పస్తుంటే గోడ పగుళ్ళలోంచి, గాలి కంతల్లోంచి ఆ ఆవిరి సన్నని దారంలా పైకి లేస్తుంది. మనిషి ముక్కుకి అందదు. దమయంతి తయారుచేసిన, గోరంత కూడా లేని బిళ్ళకి అందుతుంది. రెక్క అంచున ఉన్న ఆ బిళ్ళ, వాసన ఎటునుంచి వస్తే అటు రెక్కను కాస్త వంచుతుంది. అంతే. పొట్లం తిరుగుతూ తిరుగుతూ ఆకలి ఉన్నచోటికి వెళ్ళి దిగుతుంది.

మన్యంలో గుగ్గిలం చెట్ల కాయలు ఎండాకాలంలో రెక్కలతో గిరగిరా తిరుగుతూ రాలతాయి. చిన్నప్పుడు వాటి వెంట పరిగెత్తిన దమయంతి తన పొట్లానికీ ఆ రూపమే ఇచ్చింది. అందుకే అక్కడ అందరూ వాటిని గింజలనేవారు. రెక్క కూడా బియ్యప్పిండితో చేసిందే. నీళ్ళలో మరిగిస్తే గంజి అవుతుంది. అంతకుముందు పారాచూట్లతో పెట్టెలు వేసేవారు. చాలావరకు నదిలో పడేవి, మిగిలినవి సైనికులు పట్టుకుపోయేవారు. ఒకసారి పెట్టె విరుచుకుపడి దాని కిందే ఒక కుటుంబం పోయింది. గింజ నెత్తిన పడినా దెబ్బ తగలదు.

మొదటి పరీక్ష ఈ సరుగుడు తోటలోనే జరిగింది. ప్రయోగశాలలో కొందరు రెండు రోజులు పస్తుండి తోటలో అక్కడక్కడా కూర్చున్నారు. చిన్న విమానం పైనుంచి గింజలు వదిలింది. దాదాపు అన్నీ వాళ్ళ దగ్గరకే వచ్చాయి. ఒక్క గింజ మాత్రం దారి తప్పి వంటశాల వైపు పోయింది. ఏదో లోపముందనుకుని ఫణి వెంట పరిగెత్తాడు. వెళ్ళి చూస్తే, కార్తీకమాసం ఉపవాసాలతో ఒళ్ళు ఆరబెట్టుకుంటున్న వంటావిడ అప్పలనరసమ్మ ఒళ్ళో పడి ఉంది. "ఇదేటి బాబూ, ఆ శివుడు పంపినాడా?" అందావిడ. ఆ రోజు దమయంతి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తరవాత అలా నవ్వినట్టు ఎవరికీ గుర్తులేదు.

నిజానికి ఆ బిళ్ళను ఆమె మొదట చేసింది యుద్ధాల కోసం కాదు. కూతురు ప్రణవికి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. ఒక ఉదయం నిద్ర లేపబోతే పిల్ల నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. ఇన్సులిన్ అందని ఒంట్లో కూడా అదే ఆవిరి పుడుతుందని డాక్టరు చెప్పాడు. పిల్ల ఇంటికి వచ్చాక దమయంతి రెండేళ్ళు కూర్చుని, మంచం పక్కన పెడితే ఊపిరిని గమనిస్తూ ప్రమాదం రాబోతే కూతపెట్టే చిన్న డబ్బా చేసింది. ఆ డబ్బా సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చూసే సహాయ సంస్థ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు.

"మేడమ్, సిస్టర్ లైన్లో ఉన్నారు" అన్నాడు ఫణి.

కెస్రాన్ నుంచి శాటిలైట్ ఫోన్‌లో మాట్లాడే మనిషి ఎస్తేరు రాణి. పాలకొల్లు మనిషి. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఆ దేశం వెళ్ళింది. యుద్ధం మొదలవగానే మిగతావాళ్ళు వచ్చేశారు, కాన్పుకి దగ్గరపడ్డ ఆడవాళ్ళను వదిలి రాలేక ఆమె ఉండిపోయింది. ఇప్పుడు ఆసుపత్రి పై అంతస్తులు లేవు. కింది నేలమాళిగలో రోగులూ, ఊరి జనమూ కలిసి ఉంటున్నారు. దమయంతి ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. కాని లోకంలో అందరికంటే ఎక్కువగా ఎవరి గొంతు కోసం ఎదురుచూస్తావని అడిగితే ఆమె పేరే చెప్పేది.

"వందనాలండి మేడంగారూ."

"అందాయా సిస్టర్?"

"అందాయండి. పిలిస్తే వచ్చినట్టు మెట్ల మీదకే వచ్చి పడ్డాయండి. ఆయ్." ఎస్తేరు గొంతు తగ్గించింది. "మేడంగారూ, ఓ మాటండి. ఎలా చెప్పాలో తెలీటం లేదు."

"ఫరవాలేదు, చెప్పండి."

"మొన్న రొట్టెల బట్టీ కింద దాక్కున్నవాళ్ళ మీద గుండ్లు పడ్డాయండి. ఎవరూ మిగల్లేదు. అంతకు ముందు రోజే ఆళ్ళకి గింజలొచ్చాయి. దానికి ముందు వారం తోళ్ళ గొడౌనండి. అదీ అంతే. గింజలు పడ్డ మర్నాడే."

"యుద్ధం కదా సిస్టర్. ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటాయి."

"నేనూ అలాగే సర్దిచెప్పుకున్నానండి. కానీ ఇన్నేళ్ళలో ఆ బట్టీ జోలికి ఎవరూ రాలేదండి. ఆళ్ళక్కడ ఉన్నట్టు మాక్కూడా తెలీదు. మీ గింజలకే తెలిసింది."

లైను దానంతటదే తెగిపోయింది.

దమయంతి ఫణిని కూర్చోబెట్టి ఒక పటం మీద గింజలు దిగిన చోట్లన్నీ గుర్తు పెట్టించింది. ఇంకో పటం మీద, ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి కొత్తగా కూలిన ఇళ్ళు గుర్తు పెట్టించింది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టాక ఫణి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కూలిన ఇళ్ళ గుర్తులన్నీ గింజలు దిగిన గుర్తుల మీదే కూర్చున్నాయి.

"పొద్దుటి ఎండలో రెక్కలు తెల్లగా మెరుస్తాయి మేడమ్" అన్నాడు నెమ్మదిగా. "కొండ మీద ఎవడో దుర్భిణి పట్టుకుని కూర్చుంటే చాలు."

"రాత్రి వేస్తే?"

"ఆళ్ళ కెమెరాలకి రాత్రీ పగలూ ఒకటే."

గింజ శత్రువు చేతికి చిక్కితే ఏమవుతుందన్నది దమయంతి ముందే ఆలోచించింది. అందుకే నేల తాకగానే బిళ్ళ కరిగిపోయేలా చేసింది. గింజను పట్టుకోనక్కర్లేదు, అది ఎటు పోతోందో చూస్తే చాలన్న సంగతి ఆమెకు తట్టలేదు.

సహాయ సంస్థ తరపున అక్కడి వ్యవహారాలు చూసే నరహరి గది పక్కనే. హైదరాబాద్ మనిషి, మెత్తటివాడు. పటాలు రెండూ చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆపేద్దామా?" అన్నాడు.

దమయంతి పటాల వైపే చూస్తోంది.

"మీరు ఆపమంటే ఈ రోజే ఆపిస్తాను. నేను వాదించను. కానీ ఆపితే లోయలో ఎంతమంది ఎన్నాళ్ళు ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు. బిళ్ళ తీసేసి ఊరికే వదిలితే మళ్ళీ సగం నదిపాలు, సగం సైనికుల పాలు."

"తెలుసు సార్."

"నాక్కూడా ఏం చెయ్యాలో తెలీడం లేదమ్మా. నిజంగా తెలీడం లేదు." అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "విమానాన్ని రెండు రోజులు ఆపగలను. అంతకన్నా ఎక్కువైతే అక్కడ పిల్లలు తట్టుకోరు."

ఆ సాయంత్రం ఆమె పొద్దుండగానే ఇంటికి వెళ్ళింది. మధురవాడలో చిన్న డాబా ఇల్లు. భర్త జోగారావు కిందనే మోటార్ వైండింగ్ షాపు నడుపుతాడు. భార్య వేళకాని వేళ రావడం చూసి చేతిలో రాగితీగ చుట్ట పక్కన పెట్టి లేచాడు.

"ఏటైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఇంత బేగి ఎందుకొచ్చేసావు?" అని ఆమె మొహం చూసి మరి అడగలేదు. "నెత్తళ్ళు ఇగురు పెట్టాను. ముందు తినీ, తరవాత చెప్దువు గాని."

ముగ్గురూ వంటింట్లోనే కూర్చున్నారు. ప్రణవికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. బి.ఎస్సీ. చదువుతోంది. తినబోయే ముందు పొట్ట దగ్గర ఇన్సులిన్ తీసుకుని, తల్లి కంచం వైపు చూసింది. అన్నం కలిపి ఉంది. ముద్ద కదల్లేదు.

దమయంతి చెప్పింది. బట్టీ గురించి, తోళ్ళ గొడౌను గురించి, పటాల గురించి. చెప్తున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. జోగారావు చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఆ బిళ్ళని మోసం చెయ్యలేవా?" అంది ప్రణవి.

"మోసమేటి?"

"నేను చేసాను ఒకసారి." ఆ పిల్ల వేలితో కంచం అంచున గీతలు గీస్తోంది. "ఇంటర్ ఫస్టియర్లో. గోళ్ళరంగు తుడిచే రిమూవర్ ఉంటాది కదా. దూదికి పట్టించి నా మంచం పక్క డబ్బా ముందు పెట్టాను. అది కూత పెట్టింది. నువ్వు ప్రయోగం వదిలీసి పరిగెత్తుకుని వొచ్చీసావు."

ఆ రోజు దమయంతికి బాగా గుర్తుంది. ఆటోలో వస్తూ దారి పొడుగునా డ్రైవరును తొందరపెట్టింది. ఇంటికి వచ్చేసరికి పిల్ల బాగానే ఉంది. డబ్బాలోనే ఏదో లోపం ఉందనుకుని వారం రోజులు దాన్ని విప్పి చూసుకుంది.

"ఎందుకు చేసావే?"

"అంతకుముందు ఎన్నిసార్లు ఫోన్ చేసినా వొస్తానన్నావు గాని రాలేదు" అంది ప్రణవి. ఆ మాటలో కోపం లేదు. ఎప్పుడో పాతబడిన సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

జోగారావు ఎవరివైపూ చూడకుండా కుండలో నీళ్ళు ముంచుకున్నాడు. దమయంతి ఎంగిలి చేత్తోనే కూతురి వైపు తిరిగింది. కూతురికి ఏదో చెప్పాలనుకుంది. నోరు తెరిచేసరికి వచ్చింది మాత్రం వేరే మాట.

"రిమూవర్‌లో ఉన్నది ఎసిటోనే."

"అదే కదా నేను చెప్తున్నది" అంది ప్రణవి.

మర్నాడు తొట్ల పక్కన కొత్త పని మొదలైంది. దూదిని ఎసిటోన్‌లో ముంచి, సన్నని బెజ్జాలున్న మైనపు తొడుగులో పెట్టారు. ఆవిరి కొంచెం కొంచెంగా రోజంతా బయటికి వస్తుంది. వేలెడంత ఉన్న ఈ ఉండల్ని ముందుగా ఎవరూ లేని ఇళ్ళ మీద వదలాలి. వెనకే గింజలు వదిలితే అవి నిజమైన ఊపిరికీ, దొంగ ఊపిరికీ తేడా తెలియక రెంటి దగ్గరకూ పోతాయి. కొండ మీద కూర్చున్నవాడికి ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇల్లు ఖాళీయో అర్థం కాదు. ఫణి ఆ ఉండలకి ఏదో పేరు పెట్టబోయాడు. దమయంతి వద్దంది.

వదిలేముందు ఎస్తేరుతో మాట్లాడింది.

"గింజలు చాలా వృథా పోతాయి సిస్టర్. విమానం ఒక్కటే. అంతకన్నా ఎక్కువ మోయలేదు. మీకు సగమే అందుతుంది. అంతకన్నా తక్కువ కూడా కావచ్చు. మీరు వద్దంటే చెయ్యను."

అవతల ఎస్తేరు అక్కడి భాషలో పక్కవాళ్ళను ఏదో అడిగింది. రెండు మూడు గొంతులు వినిపించాయి. ఒక ఆడమనిషి గట్టిగా ఏదో అంది.

"ఏమంటున్నారు?"

"నెమిరా అనీ, మా వంటామేనండి. సగం తింటే మనిషి చిక్కిపోతాడు, బాంబు పడితే అసలుకే ఉండడు, ఇందులో అడిగేదేముందీ అంటందండి." ఎస్తేరు చిన్నగా నవ్వినట్టుంది. "చేసెయ్యండి మేడంగారూ. మేం ఇక్కడున్నామని ఎవరికీ తెలీకపోతే చాలు."

ఖాళీ ఇళ్ళు ఎంచడం దమయంతి ఇంకెవరికీ వదల్లేదు. పటం ముందు కూర్చుని తనే గుర్తుపెట్టింది. ఇన్నాళ్ళుగా ఒక్క గింజ కూడా దిగని ఇల్లయితే అందులో ఎవరూ లేనట్టు. పోస్టాఫీసు, సినిమాహాలు, నది మలుపులో చర్మకారుల వీధి, కొండవాలు కింద పిల్లల బడి.

అనుకున్నట్టే జరిగింది. ఆ వారం గుండ్లు పోస్టాఫీసు మీద పడ్డాయి. సినిమాహాలు కప్పు కూలింది. ఎవరూ చావలేదు. ఉపగ్రహం ఫొటోలు వచ్చినప్పుడు ప్రయోగశాలలో ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పలనరసమ్మ అందరికీ సేమ్యా పాయసం చేసింది. దమయంతి రెండు చెంచాలు తిని, కుర్చీలోనే నిద్రపోయింది.

ఎస్తేరు గొంతు మాత్రం రోజురోజుకీ సన్నబడుతోంది. రోజుకి ఒక గింజను ముగ్గురు పంచుకుంటున్నామంది. రెక్కను ముందు మరిగించి, పొట్లం సాయంత్రానికి దాస్తున్నామంది. పాలు తాగే పిల్లల తల్లులకు ఎక్కువ ఇస్తున్నామంది. ఫిర్యాదులా కాదు. అడిగితే చెప్పేది.

పది పన్నెండు రోజుల తరవాత ఆమె అడగకుండానే ఫోన్ చేసింది.

"మేడంగారూ, నెమిరా పోయిందండి. దాని మరిది ఇల్యార్ కూడా."

దమయంతి లేచి నిలబడింది. "ఆసుపత్రి మీద పడ్డాయా?"

"లేదండి. బడి దగ్గర."

"బడిలో ఎవరూ లేరు కదా!"

"లేరండి" అంది ఎస్తేరు. "గింజలున్నాయి కదండీ."

దమయంతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తరవాత అర్థమైంది. ఖాళీ ఇళ్ళల్లో పడ్డ గింజలు అక్కడే పడి ఉంటాయి. ఆకలితో ఉన్నవాళ్ళకి అవి కనిపిస్తూ ఉంటాయి. వెళ్ళకుండా ఎలా ఉంటారు? పటం మీద ఇళ్ళు ఎంచుతున్నప్పుడు ఆమె కొండ మీద కూర్చున్నవాడి కళ్ళతో చూసింది. నేలమాళిగలో కూర్చున్నవాళ్ళ కళ్ళతో చూడలేదు.

"తెల్లారకముందే వెళ్ళారండి. సంచి సగం నింపుకున్నారంట. ఇంతలో..." ఎస్తేరు ఆగింది. "ఆ ఇళ్ళు ఎవరు ఎంచుతారండీ మేడంగారూ?"

"నేనే."

"బడి కూడానా?"

"బడి కూడా నేనే ఎంచాను."

గాలి చప్పుడు. ఎక్కడో పిల్ల ఏడుపు. ఎవరో జోకొడుతున్న చప్పుడు.

"వెళ్ళి తెమ్మన్నది నేనండి" అంది ఎస్తేరు. "బాలింతరాలికి పాలు పడటం లేదు. నేనే పంపాను."

ఇద్దరిలో ఎవరూ రెండోవారిని ఓదార్చలేదు. ఆ శక్తి ఇద్దరికీ లేదు. కాసేపయ్యాక ఎస్తేరే, "రేపు విమానం వస్తదా అండి?" అని అడిగింది. వస్తుందంది దమయంతి.

ఆ పూట ఆమె నరహరి గదికి వెళ్ళి ఇక నా వల్ల కాదని చెప్దామనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. అతను లోపల ఫోన్‌లో ఎవరినో ఇంకో విమానం కోసం బతిమాలుకుంటున్నాడు. మాట మాటకీ దణ్ణం పెడుతున్నాడు, ఎదుట మనిషి ఉన్నట్టు. ఆమె వెనక్కి వచ్చి పటం ముందు కూర్చుంది. ఈసారి నేలమాళిగలకు అందనంత దూరంలో, నడిచి వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పనంత దూరంలో ఉన్న ఇళ్ళు ఎంచింది. కాని మరీ దూరమైతే కొండ మీదివాడు నమ్మడు. కొన్ని దగ్గరగా ఉండక తప్పదు. దగ్గరగా ఉన్న ఒక్కొక్క ఇంటి మీదా ఆమె వేలు చాలాసేపు నిలిచేది.

అలా వానాకాలమంతా గడిచింది. విమానం వెళ్ళే ప్రతి రోజూ దమయంతి ఇళ్ళు ఎంచేది. ఖాళీ ఇళ్ళకు రెండు రోజులు ఎవరినీ పంపవద్దని ఎస్తేరుకు చెప్పేది. పంపనని ఎస్తేరు అనేది. ఎవరో ఒకరు వెళ్తూనే ఉన్నారని ఇద్దరికీ తెలుసు. ఒకసారి ఇద్దరు పోయారు, మరోసారి ఒకతను కాలు పోగొట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. నేలమాళిగల మీద మాత్రం మళ్ళీ గుండ్లు పడలేదు. జోగారావు రోజూ క్యారేజీ కట్టి స్కూటర్ మీద తెచ్చి ఇచ్చి, ఆమె తినేదాకా సరుగుడు తోటలో అటూ ఇటూ తిరిగి, ఖాళీ క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాడు. ప్రణవి ఆదివారాలు వచ్చి ఫణి పక్కన కూర్చుని మైనం ఉండలు చుట్టేది. తల్లీ కూతుళ్ళు పెద్దగా మాట్లాడుకునేది లేదు. ఒక రోజు దమయంతి ఎసిటోన్ తగిలి పొక్కిపోయిన ఆ పిల్ల వేళ్ళను దగ్గరకు తీసుకుని కొబ్బరినూనె రాసింది. ప్రణవి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కార్తీకం వెళ్ళాక పెద్ద దేశాలు కూర్చుని ఏదో ఒప్పందం రాసుకున్నాయి. సైన్యం కొండలు దిగిపోయింది. లోయలో జనమే లేరన్న మాటకు సమాధానంగా, నేలమాళిగల్లోంచి వేలమంది వెలుగుకి కళ్ళు మూసుకుంటూ బయటికి నడిచి వచ్చారు. ఆ చిత్రం పత్రికల మొదటి పేజీలో వచ్చింది. దమయంతి అందులో ఎస్తేరు కోసం వెతికింది. ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఎవరైనా ఆమె కావచ్చనిపించింది.

సంక్షోభం వార్తలు చల్లబడ్డాక ఎస్తేరు స్వదేశం వచ్చింది. పాలకొల్లు వెళ్ళేముందు ఒక్క రోజు మధురవాడలో ఆగుతానంది. జోగారావు విమానాశ్రయం నుంచి తీసుకొచ్చాడు. ఫోన్‌లో విన్న గొంతుకి దమయంతి మనసులో ఎత్తైన మనిషిని ఊహించుకుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి పొట్టిగా, ఎవరో పెద్దవాళ్ళ జాకెట్టు తొడుక్కున్నట్టు వదులు బట్టల్లో ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"వందనాలండి మేడంగారూ" అంది. గొంతు మాత్రం అదే.

జోగారావు మెత్తగా వండిన అన్నం, పలచటి పెసరకట్టు పెట్టాడు. ఎస్తేరు నాలుగు ముద్దలు తిని ఆపేసింది. "ఏవనుకోకండి అన్నయ్యగారూ, పొట్ట ఇంకా ఒప్పుకోటంలేదు" అంది. "ఎంత సయిస్తే అంతే తినమ్మా, మొహమాటమేటి" అని అతను కంచం తీసేశాడు.

కాసేపటికి దమయంతి అడగాలనుకున్నది అడిగింది. "నెమిరా వంట బాగా చేసేదా?"

ఎస్తేరు ఆశ్చర్యంగా చూసింది. అప్పుడు ఆమె మొహం మీదికి నెమ్మదిగా నవ్వు వచ్చింది. "అబ్బే, ఏం బాగు లెండి. ఉప్పు దొరికిన రోజుల్లో ఉప్పు కషాయం చేసి పెట్టేది. ఎవరైనా బాలేదంటే గరిటెతో కొట్టేదండి. ఇల్యార్ ఒక్కడే లొట్టలేసుకుని తినేవాడు, వదిన కదా." నవ్వుతూ నవ్వుతూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. దమయంతీ నవ్వింది. ఆ తరవాత ఇద్దరూ చాలాసేపు కిటికీలోంచి కింది షాపులో రాగితీగ చుడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నారు.

"నన్ను క్షమించారా సిస్టర్?" అని అడగలేదు దమయంతి. నోటిదాకా వచ్చింది. ఎదుట కూర్చున్న మనిషి కూడా అదే ప్రశ్న మోసుకుని వచ్చినట్టు కనిపించింది. ఇద్దరి దగ్గరా ఉన్నది ప్రశ్నే అయినప్పుడు ఎవరు ఎవరికి జవాబిస్తారు?

"కాస్త నడుం వాలుస్తానండి" అంది ఎస్తేరు. మంచం వద్దంది. నేల మీద చాప వేయించుకుని, గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. అలా పడుకోవడం అలవాటైపోయింది కాబోలు. నిమిషంలో నిద్రపోయింది. మధ్యాహ్నపు ఎండ ఆమె పాదాల మీద పడుతోంది. దమయంతి లేచి కిటికీ తెర సరిచేసింది.

బల్ల మీద ఫోన్ కదిలింది. నరహరి. ఆమె ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"విశ్రాంతి తీసుకోమని నేనే చెప్పాను, నాకు గుర్తుంది" అన్నాడు నరహరి. అతని గొంతు కూడా అరిగిపోయినట్టుంది. "కానీ ఇంకోచోట మొదలైందమ్మా. సముద్రం పక్క ఊరు. దారులన్నీ మూసేశారు. లోపల జనం చాలామంది ఉన్నారు, లెక్కలు ఇప్పుడే పంపారు, చదవమంటారా? ఆడవాళ్ళు, పిల్లలు..."

దమయంతి బాల్కనీ గోడ పట్టుకుని నిలబడింది. కింద జోగారావు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. లోపల చాప మీద ఎస్తేరు నిద్రలో ఒకసారి పక్కకు ఒత్తిగిలి మళ్ళీ గోడకు దగ్గరగా జరిగింది.

"జనం సంగతి తరవాత చదువుదురు గాని సార్" అంది దమయంతి నెమ్మదిగా. "ముందు ఇది చెప్పండి. ఆ ఊళ్ళో ఖాళీ ఇళ్ళు ఎన్ని ఉన్నాయి?"